మొయినాబాద్‌కు సముద్రం తెచ్చిన విధం

ముందే చెప్పేస్తున్నాను, ఇది ఒక మహా వినాశనం గురించిన కథ. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు కూడా చదవొచ్చు. ఇందులో ఇళ్ళు కూలవు, రక్తం కారదు. ఒకచోట కారినట్టు కనబడుతుంది, అక్కడికి వచ్చినప్పుడు నేనే ధైర్యం చెప్తాను. జరిగిందల్లా ఒక బండకు రంగు పడడం. వేసింది నేను. దాని వల్ల మా మేనమామ నాతో మాట్లాడడం మానేశాడు, మా అమ్మ మానకుండా మాట్లాడింది, నేనేమో ఏ మంత్రమూ రాకుండానే పంతులునయ్యాను.

మాది చేవెళ్ళ దగ్గర ముడిమ్యాల. సముద్రానికీ మా ఊరికీ ఉన్న బంధుత్వం ఉప్పు ప్యాకెట్టుతో మొదలై ఉప్పు ప్యాకెట్టుతోనే ముగుస్తుంది. నేను జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేశాను. ఊళ్ళోవాళ్ళు "పశువుల డాక్టరువా?" అని ఆశగా అడిగి, కాదని తెలిశాక జాలిపడి, తమ బర్రెను తోలుకుని వెళ్ళిపోయేవారు. ఆ జాలి మీద కొంతకాలం బతికి, చివరికి మొయినాబాద్‌లో ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను.

మా సంస్థను పోషించేది ఒక కంపెనీ. పేరెందుకు లెండి. దాని ఇంటర్నెట్ తీగలు సముద్రం అడుగున పోతాయట. ఆ కృతజ్ఞత కొద్దీ, సముద్రపు ఒడ్డున రాళ్ళను అంటుకుని బతికే చిన్న చిన్న జీవాలను కాపాడాలని, అందుకోసం ప్రజలను చైతన్యపరచాలని పై ఆఫీసులో తీర్మానించారు. చాలా మంచి ఆలోచన. అదే కంపెనీకి ఇంకో మంచి ఆలోచన కూడా ఉండేది: ఇలాంటి పనులన్నీ మా దిక్కున కట్టిన తమ కంప్యూటర్ల షెడ్ల చుట్టుపక్కల ఊళ్ళలోనే చేయాలి. ఈ రెండు మంచి ఆలోచనలు ఏదో ఒక మీటింగులో ఎదురుపడి చేతులు కలుపుకున్నాయి. అలా రాళ్ళ సముద్రతీరాన్ని కాపాడే భారం మొయినాబాద్, చేవెళ్ళ మండలాల నెత్తిన పడింది.

మా పైఅధికారి సునీత మేడమ్. సిటీలో ఉంటారు. ఫోన్ చేశాను.

"మేడమ్, మా దగ్గర సముద్రం లేదు."

"తెలుసయ్యా. అందుకే అక్కడ అవేర్‌నెస్ తక్కువగా ఉంది."

ఇంత తిరుగులేని వాదన నేను యూనివర్సిటీలో కూడా వినలేదు.

"సముద్రం లేకపోతే ఏం? రాళ్ళున్నాయి కదా! ఒక రాయిని తీసుకుని మోడల్‌గా తయారుచెయ్యి. జనం కళ్ళారా చూడాలి. ఒక్కటి గుర్తుపెట్టుకో, ఇది పర్యావరణ కార్యక్రమం. కెమికల్ రంగులు వాడావో, ఊరుకోను. అంతా నేచురల్."

రాళ్ళకు మా దగ్గర కరువు లేదు. నాకు వెంటనే మా అంజిరెడ్డి మామ బండ గుర్తొచ్చింది. మామది అజీజ్‌నగర్ దిక్కు పూలతోట. చామంతి, గులాబీ. ఒకప్పుడు చుట్టూ పొలాలే. ఇప్పుడు ఇటొక ఫామ్‌హౌజు, అటొక ఫామ్‌హౌజు, రెండు ప్రహరీల మధ్య మామ తోటకు మిగిలిన సన్నని బాట, ఆ బాట నడుమ ఏనుగు అలిగి పడుకున్నట్టు ఒక బండ. పక్కనుంచి మనిషి దూరగలడు. ఆటో దూరలేదు. రోజూ తెల్లవారకముందే మామ, అత్త పూలగంపలు నెత్తిన పెట్టుకుని, ఆ సందులో పీతల్లా పక్కకు నడుస్తూ రోడ్డు దాకా మోసేవారు. అత్త మెడలో నొప్పి సొంత ఇల్లు కట్టుకుని స్థిరపడింది. ఇక ఓపిక లేక మామ ఆ బండను పగలగొట్టడానికి కంప్రెషర్ బండివాణ్ణి మాట్లాడుకున్నాడు. బతుకమ్మ పండుగ నాటికి ఆటో తోటలోకి రావాలి, అత్త నెత్తిమీది గంప దిగాలి. మామకు ఉన్న కోరిక అదొక్కటే.

అడిగి చూశాను.

"మామా, బండ పగలగొట్టేలోపు ఓ నాలుగు దినాలు నాకిస్తవా?"

"బండనేం జేస్కుంటవ్ రా అల్లుడా? ఇంటికి తీస్కపోతవా?"

"సముద్రం చేస్త."

మామ నా నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. జ్వరం లేదు.

"సర్కార్ పనా?"

"కాదు, కంపెనీ పని."

"గట్లనా. వాల్లు ఏమన్న జేస్తరు. జేస్కో. కాని మంగళారం కంప్రెషరోడొస్తడు. గప్పటికి నా బండ నాకు గావాలె. మీ అత్త మెడ సూస్తున్నవ్ గదా?"

"నేనుండంగ నీకేం ఫికర్ మామా!"

నేను ఈ మాట ఎవరికి చెప్పినా వాళ్ళు మునిగారు. అప్పటికి నాకా సంగతి తెలియదు. మామకూ తెలియదు.

శనివారం పని మొదలుపెట్టాను. పై ఆఫీసు వాళ్ళు ఒక అందమైన ఫొటో పంపారు. సముద్రపు బండ మీద జీవం పట్టీలు పట్టీలుగా ఉంటుంది. అన్నిటికన్నా పైన, తుంపర మాత్రమే తగిలేచోట, పసుపుపచ్చని పాచి. దాని కింద రాతిని కరుచుకుని బతికే తెల్లని గుల్లల పట్టీ. ఇంకా కింద, అలలు కొట్టేచోట ఎర్రని నాచు. ఫొటోను బండకు ఆనించి పెట్టుకుని, దాన్నే చూస్తూ శ్రద్ధగా వేశాను. కెమికల్స్ కూడదన్నారు కాబట్టి పైన పసుపు కలిపి పూశాను. మధ్యలో సున్నం కొట్టాను. కింద కుంకుమ చల్లాను.

మీరు అప్పుడే నవ్వకండి. ఇంకా ఉంది.

వేలాడే సముద్రపు నాచు కావాలి. పక్కనే వేపచెట్టుంటే మండలు విరిచి వరుసగా కట్టాను. పువ్వులా విచ్చుకునే జంతువొకటి ఉంటుంది సముద్రంలో; దానికి బదులు మామ తోటలోంచి చామంతులు తెచ్చి పగుళ్ళలో గుచ్చాను. బండ సందులో పీత దాక్కుని చూస్తున్నట్టుంటే పిల్లలకు సరదాగా ఉంటుందని రెండు పెద్ద గవ్వలు తెచ్చి పక్కపక్కన అతికించాను. ఆటుపోట్లకు రాళ్ళలో నిలిచే నీటిమడుగు కోసం కుండలో ఉప్పునీళ్ళు నింపి ముందు పెట్టాను. ఎవరూ తొక్కకుండా చుట్టూ తాడు కట్టాను. చివరగా ఒక అట్టమీద పెద్ద అక్షరాలతో రాశాను: "చెప్పులు విడవండి. తాకరాదు. తొక్కరాదు. ఇక్కడినుంచి ఏదీ తీసుకుపోరాదు."

పది అడుగులు వెనక్కి వచ్చి చూసుకున్నాను. అచ్చం సముద్రమే. ఇంత చదివినందుకు ఇన్నాళ్ళకు ఒక ప్రయోజనం కనబడిందని కళ్ళు చెమర్చాయి కూడా. మీకు ఇప్పుడు తట్టింది, ముడిమ్యాలలో పుట్టి పెరిగిన నాకు తట్టలేదు. చదువు మనిషి చూపును ఎంత దూరం తీసుకుపోతుందంటే, ముక్కు కిందిది కనబడదు.

ఆదివారం సెలవు. పర్యావరణానికి కూడా సెలవే.

సోమవారం కార్యక్రమం. మైకు సెట్టు ఆటోలో వేసుకుని వెళ్ళేసరికి బాటంతా జనం! ఆడవాళ్ళు, పిల్లలు, ఫామ్‌హౌజుల వాచ్‌మెన్లు, తోటపనివాళ్ళు. అంతకుముందు మేము పెట్టిన ఏ మీటింగుకూ సమోసాలిస్తామన్నా ఇంతమంది రాలేదు. చెప్పులన్నీ రోడ్డు పక్కన వరుసగా విడిచి ఉన్నాయి. నా బోర్డు పనిచేసింది! ఒక్కరూ తాడు దాటడం లేదు. అగరొత్తుల వాసన వస్తోంది. దోమల కోసం కాబోలనుకున్నాను.

మైకు అందుకున్నాను. ఆ ఉపన్యాసం నా జీవితంలో అత్యుత్తమమైనది. దురదృష్టవశాత్తు.

"అమ్మలారా, అన్నలారా! మీరు దీన్ని ఉత్త రాయి అనుకుంటున్నరు. ఇది రాయి కాదు! దీంట్ల ప్రాణమున్నది!"

జనం ఒక్కసారిగా చేతులు జోడించారు. వినయం చూసి పొంగిపోయాను.

"కండ్లకు కనవడని వేల ప్రాణాలు దీన్నే నమ్ముకొని బతుకుతున్నయి. మనం ఒక్క అడుగు మీద వేసినా, ఒక్క రాయి పలగ్గొట్టినా, ఆ పాపం మన పిల్లలకు తగుల్తది! దీన్ని కాపాడితేనే మనం చల్లగ ఉంటం!"

ముందువరసలోంచి నర్సవ్వ లేచింది. ఆమె పక్క ఫామ్‌హౌజులో మొక్కలకు నీళ్ళు పడుతుంది. ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళకు ఆమె మాటే మాట.

"బిడ్డా, జర నిజం జెప్పు. నిన్నటిసంది అడుగుతున్న, ఎవ్వలకు తెల్వదంటుండ్రు. గీ అమ్మ యాడికెల్లి వచ్చింది?"

నేను చేయిచాచి తూర్పుకు చూపించాను. "సముద్రం కాడికెల్లి అవ్వా!"

"సముద్రాల పోచమ్మా!" అని నర్సవ్వ కొబ్బరికాయ కొట్టింది.

ఆ చప్పుడుకు నా ఎమ్మెస్సీ కూడా పగిలింది. అప్పుడు, మొదటిసారి, ఫొటోను కాకుండా బండను చూశాను. పసుపు. సున్నం. కుంకుమ. వేపమండలు. పూలు. కుండ. రెండు కళ్ళు నన్నే చూస్తున్నాయి.

"అవ్వా, అది అమ్మ కాదే! అది పీత!"

"తప్పు బిడ్డా, లెంపలేస్కో."

వేసుకున్నాను. అంతమంది చూస్తుండగా వేసుకోకపోతే వాళ్ళు వేసేలా ఉన్నారు.

మంగళవారం కంప్రెషర్ బండి వచ్చింది. డ్రైవరు దిగాడు, బండను చూశాడు, మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు.

మామ అడిగాడు: "ఏందిరా, దిగవేంది?"

"పిల్లలున్నోన్ని పటేలా. అమ్మ మీద డ్రిల్లు వెట్టుమంటవా?"

"అమ్మ గాదు, ఏం గాదు. గీడున్నడు సూడు, మా అల్లుడు, గీ రంగులన్ని ఈడే ఏసిండు. చెప్పురా!"

"అవునన్నా, నేనే వేసిన," అన్నాను. "శనివారం. ఈ రెండు చేతులతోని."

డ్రైవరు నన్ను కిందినుంచి పైదాకా భక్తితో చూశాడు. "ఇంతమందిల అమ్మ నీ చేతులతోనే ఏపించుకున్నదంటే, నువ్వెంత పుణ్యం జేసినవో అన్నా," అని నా కాళ్ళకు వంగి, బండి తిప్పుకుని పోయాడు.

అత్త గంప ఎత్తుకుని, బండకూ గోడకూ మధ్య పక్కకు ఒరిగి వెళ్తూ, మెడ తిప్పలేక మొత్తం మనిషే నా వైపు తిరిగి చూసింది. ఆ చూపుకు సముద్రం కూడా వెనక్కి పోయేది.

"అల్లుడా," అన్నాడు మామ, "నువ్వే వెట్టినవ్, నువ్వే తియ్యి. కడుగు. పసుపు లేకుంటె పోచమ్మ ఉండది. ఉత్త బండను పగలగొట్టనీకి ఎవడైన వస్తడు. ఇగ గప్పటిదాంక నాతోని మాట్లాడకు."

నిజమే కదా అనిపించింది. మధ్యాహ్నం జనం లేని సమయం చూసి, తోట మోటరుకు పైపు తగిలించి బండమీద నీళ్ళు కొట్టాను.

ఇక్కడ ఒక చిన్న శాస్త్ర విషయం. పసుపూ సున్నమూ తడిసి కలిస్తే ఎర్రబడతాయి. పారాణి కలిపే ప్రతి ఇల్లాలికీ తెలుసు. మా అమ్మకు తెలుసు, అత్తకు తెలుసు. నాకు కూడా తెలిసే ఉండాలి. కాని కెమిస్ట్రీ నా సబ్జెక్టు కాదు. పైన ఉన్న పసుపు కిందికి జారి సున్నం పట్టీని తాకిందో లేదో, బండ నడుమనుంచి ఎర్రటి ధారలు మొదలయ్యాయి. రక్తం అన్నది ఇదే. భయపడకండి. అప్పుడు నేను భయపడింది చాలు.

వెనకనుంచి కేక వినబడింది. "అయ్యో, అమ్మ ఎర్రవడ్డది!" నర్సవ్వ, ఆమె వెనక పదిమంది.

నేను పైపు కింద పడేశాను.

"ఆపకు బిడ్డా! అమ్మకు కోపమొచ్చింది. నీల్లు వోసి సల్లవర్సు! పొయ్యి, పొయ్యి!"

పోశాను. ఎంత పోస్తే అంత ఎర్రబడింది. ఎంత ఎర్రబడితే అంత పొయ్యమన్నారు. సాయంత్రానికి బండ తలనుంచి కాళ్ళదాకా నిగనిగలాడుతూ, నేను వేసినప్పటికన్నా చాలా బాగా తయారైంది. నర్సవ్వ నా మెడలో చామంతి దండ వేసి ప్రకటించింది: "ఇగ గీ పిలగాడే మన అమ్మకు పంతులు."

మామ దూరంగా గట్టుమీద నిలబడి ఇదంతా చూశాడు. ఆయన చేతిలో గొడ్డలి లేకపోవడం నా అదృష్టం.

ఆ వారమే సునీత మేడమ్ తనిఖీకి వచ్చారు. కారు దిగి బాటలోకి రెండడుగులు వేశారో లేదో, నర్సవ్వ అడ్డం నిలబడింది.

"అమ్మా, చెప్పులిడువు. చేతిల గా ప్లాస్టిక్ సీసా ఏంది? కార్ల వెట్టిరా. తాడు దాటొద్దు. ఒక్క ఆకు గూడ తెంపొద్దు."

మేడమ్ మొహం వెలిగిపోయింది. "ఈ రాయి మీద ఏముందమ్మా?"

"ప్రాణమున్నది."

"తొక్కితే ఏమవుతుంది?"

"పిల్లలకు పాపం తగుల్తది."

"ఎవరు చెప్పారు?"

"గీ పంతులే. మైకుల జెప్పిండు."

మేడమ్ నన్ను పక్కకు పిలిచారు. "చాలా రాష్ట్రాలు తిరిగానయ్యా. ఎన్ని నాటకాలు వేయించాం, ఎన్ని పాటలు కట్టించాం. రాయిని తొక్కొద్దు అన్న ఒక్క ముక్క జనం బుర్రలోకి ఎక్కించలేకపోయాం. ఎలా చేశావు?"

"అనుకోకుండా అయిపోయింది మేడమ్," అన్నాను. నా జీవితంలో నేను ఇంత నిజం ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ దాన్ని నమ్రత అనుకున్నారు.

కారెక్కబోతూ ఆగి, డ్రైవరు వినకుండా మెల్లగా అడిగారు: "అన్నట్టు... కోరికలేమైనా తీరుతాయా? నా బదిలీ చాలా రోజులనుంచి ఆగిపోయి ఉంది."

ఒక్క కొబ్బరికాయతో ఆవిడకు విశాఖపట్నం బదిలీ అయింది. మా కార్యక్రమం వల్ల సముద్రం చూసిన వ్యక్తి ఆవిడ ఒక్కరే.

అమ్మవారి పేరు ఆ దెబ్బతో శంకర్‌పల్లి దాకా పాకింది. ఆదివారం వచ్చిందంటే బాట నిండా జనం. నేను మాత్రం మామ మొహం చూడలేక అటు వెళ్ళడం తగ్గించుకున్నాను. పండుగ దగ్గరపడుతోంది. అత్త మెడ గుర్తొచ్చినప్పుడల్లా అన్నం సయించేది కాదు. చివరికి ఒక ఆదివారం గుండె రాయి చేసుకుని, ఏమైనా సరే మైకులో అందరికీ నిజం చెప్పేసి, కాళ్ళు పట్టుకునైనా బండ ఖాళీ చేయించి మామకు అప్పగించాలని బయలుదేరాను. కొడితే కొట్టనీ.

దారిలో ఫోన్. సునీత మేడమ్.

"బాబూ, నువ్వు వెంటనే వైజాగ్ రావాలి. ఇక్కడ ఒడ్డున బండలున్నాయి. జనం ఒక్కరూ మాట వినడం లేదు. చెప్పులతో ఎక్కి సెల్ఫీలు, రాళ్ళకున్న గుల్లలు గీకుతున్నారు, సీసాలు పడేస్తున్నారు. ఆ పసుపు, సున్నం ఎంతెంత పాళ్ళో కలిపావు?"

"మేడమ్, అక్కడ నిజమైన గుల్లలే ఉన్నాయి కదా! పసుపూ సున్నమూ పూస్తే చచ్చిపోతాయి."

"నిజమైనవి కాబట్టే ఎవరూ చూడట్లేదయ్యా!"

ఫోన్ పెట్టేసి దారి పట్టాను.

బండ దగ్గరికి చేరేసరికి జనం కిక్కిరిసి ఉన్నారు. మైకు తీసుకుని గొంతు సవరించుకున్నాను. "అందరికీ ఒక నిజం చెప్పాలె. ఈ బండ..."

ఎవరో మైకు గుంజుకున్నారు. మామ! అన్ని రోజుల తర్వాత నాతో మొదటిసారి మాట్లాడాడు.

"నోరు మూస్కో అల్లుడా."

"మామా, తప్పు నాది. అత్త మెడ..."

"అత్త మెడకేమైంది? మంచిగున్నది. గాడ సూడు."

చూశాను. బండ పక్కన నీడలో, కుర్చీలో, గంప నెత్తిమీద కాకుండా ముందు పెట్టుకుని అత్త కూర్చుని ఉంది. చుట్టూ జనం చామంతి దండల కోసం ఎగబడుతున్నారు. మెడ హాయిగా అటూ ఇటూ తిప్పుతూ అందరికీ దండలు అందిస్తోంది.

"పూలు రోడ్డు దాంక మోసుడు బందైంది," అన్నాడు మామ. "తోటల తెంపుతున్నం, గీడ అమ్ముతున్నం. మార్కెట్టుకు పోయేది లేదు, ఆటో ముచ్చటే లేదు. నువ్వు గిప్పుడు నిజం జెప్తవా? చెప్పు, ఎట్ల చెప్తవో సూస్త."

"మరి ఇన్ని రోజులు నాతోని ఎందుకు మాట్లాడలేదు మామా?"

"యాడ తీరుతున్నది రా? ఒకటే గిరాకి!"

అంటూ నన్ను భుజం పట్టుకుని తోట అవతలి మూలకు నడిపించాడు. అక్కడ, ఫామ్‌హౌజు ప్రహరీ మీదుగా అజీజ్‌నగర్ రోడ్డుకు కనబడేటంత ఎత్తున, ఇంకో బండ. దాని పక్కన నిచ్చెన, రెండు బకెట్లు, సున్నం బస్తా, పసుపు, కుంకుమ, విరిచిన వేపమండలు.

"ఆదివారం రిసార్టులకు పోయే కార్లు గా దిక్కు మలుగుతలేవు," అన్నాడు మామ ఎంతో ప్రేమగా. "దీనికి గూడ జర నీ సముద్రం ఎయ్యిరా అల్లుడా."

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుట, నా జంతుశాస్త్రం పట్టా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ప్రజలను చైతన్యపరచమంటే రాయిని చైతన్యపరిచిన నేను, ఈ జన్మలో మళ్ళీ ఏ బండకూ, ఏ గులకరాయికీ, ఆఖరికి మా ఇంటి గడపకు కూడా రంగు ముట్టించను. సముద్రం అన్న మాట నీళ్ళ దగ్గర తప్ప ఎత్తను. ఎవరెంత బతిమాలినా ఈ మాట తప్పను.

ప్రమాణం రేపటినుంచి అమలులోకి వస్తుంది. ఇవాళ నిచ్చెన మీద ఉన్నాను, మామ కింద పట్టుకుని నిలబడ్డాడు.